ఎద్దు టైర్లు, లేడి టైర్లు: ఒక మియాటా డైరీ

ఫిబ్రవరి 9, 2025

ఈ సీజను మొదటి పోటీకి ఇంకా అయిదు వారాలుంది. నిరుటి లెక్క ముందు రాసుకుంటే తప్ప ఈ ఏడాది ఖర్చును ఇంట్లో సమర్థించుకోలేను కనుక అక్కడే మొదలుపెడుతున్నాను.

బండి 2000 సంవత్సరపు మాజ్డా మియాటా. 1.8 లీటర్ల ఇంజను, 140 హార్స్‌పవర్, ఇంచుమించు 1,050 కిలోల బరువు, రెండు సీట్లు, గుడ్డ టాపు. దీనికి నేను మూడో యజమానిని. నాకు అమ్మినాయన వేయించిన ఆల్‌సీజన్ టైర్లతోనే నిరుడు డాలస్ చుట్టుపక్కల ఆరు ఆటోక్రాస్ పోటీలు ఆడాను. ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఖాళీ పార్కింగ్ స్థలంలో నారింజ రంగు కోన్లు పేర్చి దారి వేస్తారు. ఒక్కో బండీ విడిగా, గడియారంతో పోటీ పడుతూ, నిమిషం అటూ ఇటూగా ఆ దారిని చుట్టి రావాలి. కోను పడితే రెండు సెకన్ల జరిమానా. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకే రాదు. రోజుకు నాలుగైదు పరుగులు దక్కుతాయి. అంటే బండిలో అయిదు నిమిషాలు, మిగతా రోజంతా ఎండలో నిలబడి ఎదుటివాళ్లు పడగొట్టిన కోన్లు లేపి పెట్టడం.

నిరుడు ఆఖరి పోటీలో అచ్చం నాలాంటి బండే ఉన్న ఒక పెద్దాయన నాకంటే మూడు సెకన్లు ముందు వచ్చాడు. ఆయనవి పోటీ టైర్లు, నావి మామూలువి, తేడా అంతా అక్కడే ఉందని వాదించాను. ఆయన నవ్వి, పోటీ ముగిశాక జరిగే సరదా పరుగుల్లో నా బండి తాళం అడిగాడు. నా టైర్ల మీదే, నా ఉత్తమ సమయం కంటే ఒకటిన్నర సెకను తక్కువలో తిరిగి వచ్చాడు. మూడు సెకన్లలో సగం నా చేతిది, సగం టైర్లది అన్నమాట. చేతిది నేర్చుకోవాలి, టైర్లది కొనుక్కోవచ్చు. నేను ఉద్యోగం చేసేవాణ్ని, తీరిక తక్కువ, క్రెడిట్ కార్డు ఉంది. రెండిట్లో ఏది ముందు చేస్తానో వేరే చెప్పనక్కరలేదు.

ఫిబ్రవరి 15

వారమంతా టైర్ల మీది అంకెలు చదవడంలోనే గడిచింది.

మేము ఆడేది ఎస్‌సీసీఏ, అంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, సోలో అనే పేరుతో ఆటోక్రాస్‌కు పెట్టిన నిబంధనల ప్రకారం. నేనున్న స్ట్రీట్ విభాగంలో టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గకూడదు. నా పాత టైర్ల మీద 500 ఉంది. కాబట్టి 200 దగ్గర ఉన్నవన్నీ ఒకే జాతి అనుకున్నాను. కాదు.

ఈ అంకె పుట్టేది మా టెక్సస్‌లోనే, శాన్ ఏంజెలో అనే ఊళ్లో. ఆ ఊరి చుట్టుపక్కల మామూలు రోడ్ల మీద 400 మైళ్ల చుట్టు ఒకటుంది. ప్రామాణిక టైరుతో ఒక బండి, పరీక్షించాల్సిన టైరుతో మరో బండి ఆ దారిలో 7,200 మైళ్లు కలిసి తిరుగుతాయి. ప్రామాణిక టైరుకు 100 అంకె. దానికంటే రెండింతలు మన్నుతుందని తేలితే 200. అయితే అంకె వేసేది ప్రభుత్వం కాదు, టైరు కంపెనీయే. వచ్చిన దానికంటే తక్కువ వేసుకున్నా అడిగేవారు లేరు. పైగా ఇది అరుగుదలకు సంబంధించిన అంకె. పట్టు గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. పక్కనే ట్రాక్షన్ అని వేసే అక్షరం కూడా తడి నేల మీద నేరుగా బ్రేకు వేసినప్పటి సంగతే. మలుపు ఊసే ఎత్తదు.

పోటీ నిబంధన 200 అనగానే కంపెనీలన్నీ తమ అతి చురుకైన టైరు మీద సరిగ్గా 200 అని అచ్చు వేస్తున్నాయి. పాసు మార్కు 35 అని తెలిసి సరిగ్గా 35 తెచ్చుకునే పదో తరగతి కుర్రాడి లెక్క.

నాన్నకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయన ఆర్టీసీ డిపోలో టైర్ల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అంతా విని, "200 అంటే ఎన్ని కిలోమీటర్లు వస్తుందిరా?" అని అడిగారు. నేను తోలే తోలకానికి పది వేలు వస్తే గొప్ప అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "మా డిపోలో అలాంటి టైరు కొని ఉంటే స్టోర్స్ వాళ్లను సస్పెండ్ చేసేవారు" అన్నారు.

ఫిబ్రవరి 22

కొలత ఖాయం: 205/50 ఆర్15. అంటే 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 50 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము. కంపెనీ ఇచ్చింది 195/50. నిబంధనల ప్రకారం రిమ్ము వెడల్పు మార్చకూడదు, నాది 6 అంగుళాలు. దాని మీద 205 సౌకర్యంగానే కూర్చుంటుంది. టైరు ఎత్తు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, గేరు కొద్దిగా పొడవైనట్టవుతుంది, అంటే అదే గేరులో ఇంకాస్త వేగం అందుతుంది. ఆటోక్రాస్‌లో మొత్తం రెండో గేరులోనే తోలతాం కాబట్టి ఆ కాస్త పొడవు మంచిదే.

ఇక రకాలు. 200 అంకె వేసుకున్నవాటిలోనే బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052 ఒక కొసన ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటి మలుపు నుంచే నేలను పట్టుకుంటాయని ఆటోక్రాస్ వాళ్లంతా వీటి వెనక పడతారు. రెండో కొసన హాంకూక్ వెంటస్ ఆర్‌ఎస్4. గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో దాని ఓర్పుకు మంచి పేరుంది. ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660, కుమ్హో ఎక్‌స్టా వీ730 ఈ రెండు కొసల నడుమ ఎక్కడో ఉంటాయి. వీటన్నిటి మీదా ఒకే అంకె! ఇంకా కిందికి దిగితే టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్ మీద 100, హూజియర్ ఏ7 మీద 40. అవి నా విభాగంలో చెల్లవు. చెల్లినా హూజియర్ వేసుకుని వానలో హైవే మీద నలభై మైళ్లు వెళ్లే ధైర్యం నాకు లేదు.

తేడా ఎందుకు వస్తుందో నా మాటల్లో రాసుకుంటున్నాను, రేపు మరిచిపోకుండా. తారు రోడ్డును దగ్గర్నుంచి చూస్తే కంకర మొనలే. రబ్బరు ఆ మొనల మధ్యకు దిగుతుంది, మళ్లీ నింపాదిగా పైకి లేస్తుంది. ఆ నింపాదితనంలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. బండిని జారకుండా పట్టేది చాలావరకు అదే. దానికి తోడు రబ్బరు రాతికి నేరుగా అంటుకునే గుణం కొంత. రెండింటికీ వెచ్చదనం కావాలి, హద్దు దాటితే రెండూ చెడతాయి. ఏ వెచ్చదనం దగ్గర బాగా పనిచేయాలన్నది రబ్బరు కలిపేటప్పుడే నిర్ణయమైపోతుంది. తక్కువ వేడికే మేలుకునేలా కలిపితే ఎక్కువ వేడికి తట్టుకోదు.

కాబట్టి నాకు రెండే జాతులు కనిపిస్తున్నాయి. తాకగానే దూకేది లేడి. నెమ్మదిగా కదిలి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దున్నేది ఎద్దు. నాకు ఆటోక్రాస్ ఉంది, ఏప్రిల్‌లో క్రెసన్ అనే ఊళ్లో ట్రాక్ డే, అంటే రేసు ట్రాకు మీద సొంత బండి తోలుకునే రోజు, కూడా ఉంది. ఒక్క సెట్టే కొంటాను, రెంటికీ సరిపడాలి. ఎద్దే కొన్నాను. ఏ కంపెనీదో ఇక్కడ రాయను. ఇకపై రాయబోయే తప్పులు నా వాడకానివి, వాటిని కంపెనీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

మార్చి 5

టైర్లు వచ్చాయి. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు 3824. నిరుడు 38వ వారంలో, అంటే సెప్టెంబరులో తయారయ్యాయి. నయమే. రబ్బరు కూరగాయల లాంటిది, చౌకగా దొరికిందని మూడేళ్ల నాటి సరుకు కొనకూడదు. బిగింపుతో కలిపి ఏడు వందల డాలర్లు దాటింది. నట్ల బిగువు 80 ఫుట్-పౌండ్లు ఉందో లేదో నేనే మళ్లీ చూసుకున్నాను. మొదటి వంద మైళ్లు నెమ్మదిగా నడపాలి, అచ్చు నుంచి వచ్చిన నునుపు పోయేదాకా.

మార్చి 16

ఉదయం 6 డిగ్రీలు. గాలి ఈడ్చి కొడుతోంది.

మొదటి పరుగులో మూడో మలుపు దగ్గరే ముందు చక్రాలు తిప్పిన వైపు కాక తిన్నగా పోయాయి. కోను ఎగిరింది. సమయాలు 58.9, 57.6, 56.8, 56.1. పరుగు పరుగుకూ తగ్గుతున్నాయని మురిసిపోయేలోపు పరుగులు అయిపోయాయి. పెద్దాయన మొదటి పరుగే 54.3. ఆయన ఆఖరి పరుగు 53.9. ఆయన మొదటి నుంచీ వేగంగా ఉన్నాడు, నేను వేగంగా తయారయ్యేసరికి మధ్యాహ్నం భోజనం వేళయింది.

సూది థర్మామీటరు రబ్బరులోకి గుచ్చి చూశాను. మొదటి పరుగు తరువాత 17, నాలుగో పరుగు తరువాత 31. పరుగుకూ పరుగుకూ మధ్య పావుగంట నిలబడితే వచ్చిన వేడి కాస్తా గాలికి పోతోంది. ఎద్దు ఇంకా కొట్టంలోంచి బయటికే రాలేదు.

గాలి సంగతి వేరే రాయాలి. కంపెనీ చెప్పింది 26 పౌండ్లు, అది మామూలు టైరుకు, మామూలు వేగానికి. నేను ముందుజాగ్రత్త అనుకుని 34 పెట్టాను. టైరు అంచు మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి పరుగు తరువాత చూస్తే, అంచున ఉండే చిన్న త్రికోణం గుర్తుకు చాలా పైనే గీత చెరగడం ఆగిపోయింది. అంటే టైరు గట్టిగా ఉబ్బి నడిమి భాగం మీదే నిలబడుతోంది. రెండేసి పౌండ్లు తీస్తూ 29 దగ్గర ఆగాను. అక్కడ గీత త్రికోణం కొన దాకా చెరిగింది. నాలుగు సమయాల్లో తగ్గిన దాంట్లో కొంత ఈ సుద్దముక్కదే కావచ్చు. దాని ధర ఇరవై సెంట్లు.

పెద్దాయనతో తేడా 2.2 సెకన్లు. ప్రతి పోటీకీ దారి మారుతుంది, నిరుటి సమయంతో ఈనాటి సమయాన్ని పోల్చడానికి లేదు. అందుకని ఆయన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. ఆయనకు తెలియదు.

మార్చి 30

ఈరోజు పోటీ ఉంది, ఉగాది కూడా. "పండగ పూట కోన్లు గుద్దడానికి వెళ్తారా?" అని మా ఆవిడ ఒక్కసారే అడిగింది. వెళ్లలేదు. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ పడింది, లేక నాకే అలా అనిపించిందో.

ఏప్రిల్ 26

క్రెసన్, మోటార్‌స్పోర్ట్ రాంచ్, 1.7 మైళ్ల ట్రాకు. గుడ్డ టాపు బండి కాబట్టి రోల్ బార్, అంటే బండి బోల్తా పడితే తలను కాచే ఇనప కమ్మీ, ఉంటే తప్ప లోనికి రానివ్వరు, అది శీతాకాలంలోనే బిగించాను. ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విడతలు. కొత్తవాడిని కనుక పక్క సీట్లో శిక్షకుడు.

ఇక్కడ ఎద్దు తన పొలానికి వచ్చినట్టు నడిచింది. మొదటి రెండు చుట్లు కాస్త జారుతూ, మూడో చుట్టు నుంచి విడత అయ్యేదాకా ఒకే తీరు. మలుపులో బండి జారబోయే ముందు స్టీరింగు చేతికి చెబుతుంది, టైరు సన్నగా మూలుగుతుంది, సర్దుకోవడానికి నాకు వ్యవధి దొరుకుతుంది. పన్నెండో చుట్టులో వేసిన బ్రేకు మూడో చుట్టులో వేసిన చోటే పనిచేసింది. పొద్దున 140 హార్స్‌పవర్‌ను చూసి నవ్విన పెద్ద ఇంజన్ల కుర్రాళ్లు ఇద్దరు మధ్యాహ్నానికి దారి ఇవ్వాల్సి వచ్చింది. ఇందులో నా గొప్ప తక్కువ. బరువు రెండింతలైతే పట్టు రెండింతలు పెరగదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. తేలిక బండికి ఉన్న అదృష్టం అది.

గాలి: ఉదయం చల్లగా 27 పెట్టాను. మొదటి విడత అయ్యాక 35. పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఒక పౌండు చొప్పున పెరుగుతుందని లెక్క. ప్రతి విడత తరువాత 33కు దించాను. చక్కగా ఉంది. ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడు ఉదయం కొలిస్తే 22! వేడి మీద తీసిన గాలి చల్లబడ్డాక లోటుగా మిగిలింది. ఆ 22తోనే కొంత దూరం హైవే మీద వచ్చి ఉంటాను. బండి పాతది, గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు లేదు. ట్రాకు వదిలే ముందు గాలి కొట్టుకోవాలని డాష్‌బోర్డు మీద చీటీ అంటించాను.

మే 11

మూడు సంగతులు.

ఒకటి, ఓడిపోయాను. ఒకే సెట్టు చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక నిమిషానికి కావలసిన టైరు వేరు, ఇరవై నిమిషాలకు కావలసింది వేరు. పోటీలు మానేస్తున్న ఒకాయన దగ్గర సగం అరిగిన లేడి జాతి టైర్లు, అవి ఎక్కించిన 15 అంగుళాల పాత రిమ్ములతో సహా దొరికాయి. మొత్తం 350 డాలర్లు. సగం అరిగిన ట్రెడ్డు ఆటోక్రాస్‌కు దోషం కాదు. గుబ్బలు పొట్టివైతే అవి మలుపులో అటూ ఇటూ ఊగడం తగ్గుతుంది. వాన పడితే మాత్రం నీళ్లు పోవడానికి దారి ఉండదు.

రెండు, అమ్మానాన్నలు వచ్చారు. నాన్న సూట్‌కేసు కూడా విప్పకుండా గరాజులోకి వచ్చి, ఎద్దు టైర్ల మీద అరచేతిని లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమిరారు. "ఒకవైపు నున్నగా ఉంది, ఇంకోవైపు రంపం పళ్లలా తగులుతోంది. ముందు చక్రాలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయిరా, అలైన్‌మెంట్ చేయించు" అన్నారు. వంద డాలర్ల పరికరాలు కొని రెండు నెలలుగా నేను చూడనిది.

మూడు, దూరం నుంచి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ను కనిపించడం లేదు. దోసెల పెనం పక్కన దొరికింది. అమ్మకు బాగా నచ్చింది. ఉంచుకోనిచ్చాను. నల్లటి ఇనప పెనానికి అది సరైనదే. టైరు పై పొర మాత్రం బండి ఆగిన పది క్షణాల్లోనే చల్లబడుతుంది, లోపలి వేడి తెలియాలంటే సూదే గుచ్చాలి.

మే 18

అలైన్‌మెంట్ అయింది. షాపులో చక్రాల చూపు సరిచేశారు. క్యాంబర్, అంటే చక్రం పై భాగం లోపలికి వాలే వంపు, మాత్రం కంపెనీ చెప్పిన నడిమి అంకె దగ్గరే ఉంచారు. అప్పుడు పట్టించుకోలేదు.

లేడి టైర్లతో మొదటి పోటీ. మొదటి పరుగు మొదటి మలుపులో అలవాటుగా ముందే వేగం తగ్గించాను. బండి లోపలి కోను కంటే ఒక గజం లోపలికే తిరిగిపోయింది. దాని మీదికే ఎక్కాను. రెండు సెకన్లు పోయాయి, కానీ నవ్వు ఆగలేదు. తేడా 0.9. పెద్దాయన వచ్చి టైర్లను చూసి తల ఊపి వెళ్లిపోయాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

జూన్ 15

ఎండ 36 డిగ్రీలు, కాళ్ల కింద తారు పెనమే. ఈరోజు నా బండిలో ఇంకో కుర్రాడూ పోటీ చేశాడు. ఒకరి తరువాత ఒకరం తోలడంతో టైర్లకు విరామం లేదు. నాలుగో పరుగుకు లేడి మెత్తబడింది. పట్టు పోయినట్టు కాదు, నూనె మీద అడుగేసినట్టు. చుట్టూ చూస్తే అనుభవమున్నవాళ్లంతా టైర్ల మీద నీళ్లు చిమ్ముతున్నారు. చేత్తో గాలి కొట్టి చిమ్మే తోట పంపు. గుంటూరు మిరప చేలల్లో మందు కొట్టే పంపుకు తమ్ముడు. ఒకటి కొన్నాను. పరుగు కాగానే నాలుగు టైర్లకూ పలచగా నీళ్లు చిమ్మి, అవి ఆరాకే గీత దగ్గరికి వెళ్లాలి. మార్చిలో వేడి చాలలేదని ఏడ్చాను, జూన్‌లో వేడి ఎక్కువైందని నీళ్లు పోస్తున్నాను.

నాన్న ఈరోజు చూడటానికి వచ్చారు. నీడలో కుర్చీ వేసి కూర్చోబెడితే పావుగంటలో లేచి పక్క బండ్ల టైర్లు నిమరడం మొదలుపెట్టారు. భాష అక్కర్లేకుండానే ముగ్గురితో స్నేహం కుదిరింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగారు.

"ఒక పరుగు ఎంత దూరం?"

"ఇంచుమించు ఒక కిలోమీటరు."

"రోజుకు అయిదు. ఏడాదికి ఎన్ని పోటీలు?"

"ఎనిమిది అనుకుందాం."

"నలభై కిలోమీటర్లు. మూడు వందల యాభై డాలర్లు." కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు లెక్క వేసుకున్నారు. "కిలోమీటరుకు తొమ్మిది డాలర్లు పడుతోంది. ఒక్క టికెట్టూ లేదు."

జూలై 19

సిగ్గుపడుతూ రాస్తున్నాను. క్రెసన్ ట్రాక్ డేకు లేడి టైర్లతోనే వెళ్లాను. ఎద్దుతో వచ్చిన చుట్టు సమయం కంటే లేడితో ఎంత తగ్గుతుందో చూడాలన్న దుగ్ధ తప్ప వేరే కారణం లేదు.

తగ్గింది. రెండో చుట్టులో ఒకటిన్నర సెకను తగ్గింది. మూడో చుట్టూ అలాగే. నాలుగో చుట్టులో పొడవాటి కుడి మలుపు మధ్యలో ముందు చక్రాలు బయటికి జారడం మొదలైంది. అయిదో చుట్టుకు ఎద్దు సమయం కంటే వెనకబడ్డాను. తెలివైనవాడు అక్కడ వేగం తగ్గించి టైర్లను చల్లారనిస్తాడు. నేను స్టీరింగు ఇంకా తిప్పాను. ముందు టైరు జారుతుంటే ఇంకా తిప్పడమంటే దాని బయటి అంచును సానరాయికి పెట్టి అరగదీయడమే. మూడు విడతలయ్యాక చూస్తే ముందు ఎడమ టైరు బయటి అంచు గీకిన కొబ్బరి చిప్పలా ఉంది. ఒకచోట రబ్బరు కింది దారం కనిపిస్తోంది. నాలుగో విడతకు వెళ్లలేదు. అదృష్టం కొద్దీ ఎద్దు టైర్లు వెంట తీసుకెళ్లాను, అక్కడే మార్చుకుని ఇంటికి వచ్చాను.

సూది చెప్పిన అంకెలు రాస్తున్నాను, అసలు పాఠం వీటిలోనే ఉంది. అదే టైరు: లోపలి అంచు 71, నడిమి 79, బయటి అంచు 98. నడిమి భాగం రెండు అంచుల మధ్యలోనే ఉంది కాబట్టి గాలి తప్పు లేదు. లోపలికీ బయటికీ 27 డిగ్రీల తేడా ఉందంటే మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే నిలబడుతోంది. క్యాంబర్ చాలలేదు. మే నెలలో పట్టించుకోనిది ఇదే.

ఆగస్టు 3

వేరే షాపుకు వెళ్లాను. ముందు చక్రాల క్యాంబర్ నెగటివ్ వైపు ఎంత పోతే అంత పెట్టమన్నాను. అలా పెడితే టైర్లు లోపలి అంచున త్వరగా అరుగుతాయని అక్కడి కుర్రాడు వద్దన్నాడు. నా టైర్లు బయటి అంచున అరగడం ఫోటో తీసి చూపించాను. నిబంధనల ప్రకారం కంపెనీ ఇచ్చిన సర్దుబాటు బోల్టులతో ఎంత వీలైతే అంతే. ముందు 0.6 నుంచి 1.5 డిగ్రీలకు వచ్చింది. వెనక కొంచెం ఎక్కువ, 1.8. వెనక పట్టు కాస్త ఎక్కువుంటే నాలాంటివాడికి ప్రాణానికి హాయి.

దారం తేలిన టైరుకు బదులుగా అదే రకం, వాడిందే, ఒకటి దొరికింది. మిగతా మూడింటిని రిమ్ము నుంచి విప్పించి లోపలి అంచు బయటికి వచ్చేలా తిప్పి ఎక్కించాను.

నాన్న ఈ వారం గరాజులో పసుపు రంగు డబ్బా, సన్నటి బ్రష్షుతో కూర్చుని టైర్లన్నిటికీ నంబర్లు వేశారు. ఎద్దులు 1 నుంచి 4, లేడ్లు 5 నుంచి 8, కొత్తగా వచ్చింది 9. ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి గళ్లు కట్టారు: నంబరు, బిగించిన తేదీ, ఏ చక్రం, ట్రెడ్డు లోతు, కిలోమీటర్లు, తీసిన తేదీ, తీసిన కారణం. డిపోలో ప్రతి టైరుకూ ఇలాంటి చరిత్ర ఉండేదట. పుస్తకం గోడకు దారంతో వేలాడదీశారు.

ఆగస్టు 17

అమ్మానాన్నలను విమానం ఎక్కించి వచ్చాను. ఇన్‌ఫ్రారెడ్ గన్ను అమ్మ పెట్టెలో వెళ్లిపోయింది.

సెప్టెంబరు 14

తేడా 0.4. వాన పడి ఆరిన నేల. మూడో పరుగులో 0.1 దాకా వచ్చాను, ఆఖరి గేటు దగ్గర కోను పడింది. పెద్దాయన బండి మీద కూడా లేడి జాతే. ఇక టైర్ల మీదకు నెట్టడానికి నా దగ్గర సాకు మిగల్లేదు. ఆయన పక్క సీట్లో కూర్చుని ఒక పరుగు చూశాను. మలుపులో ఆయన స్టీరింగు నాకంటే సగమే తిప్పుతాడు, అదీ ఒక్కసారే. నేను మూడుసార్లు తిప్పి రెండుసార్లు వెనక్కి తీస్తాను.

అక్టోబరు 11

క్రెసన్. ఎద్దు టైర్లు, కొత్త క్యాంబర్. ముందు ఎడమ: లోపల 84, నడుమ 82, బయట 86. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు, రోజంతా హాయిగా తోలాను.

నవంబరు 30

ఈ వారం రాత్రిళ్లు సున్నాకు దిగవచ్చని చెబుతున్నారు. మెత్తటి పోటీ రబ్బరు గడ్డకట్టే చలిలో గాజులా పెళుసు బారుతుంది. ఆ స్థితిలో బండిని కదిపితే ట్రెడ్డు పగిలే ప్రమాదం ఉంది. మా గరాజుకు తలుపు ఉంది తప్ప వెచ్చదనం లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నది పూజగది పక్క అలమార ఒక్కటే. అడిగాను. మా ఆవిడ చాలాసేపు నా వైపు చూసి, పాత దుప్పటి తెచ్చి ఇచ్చింది. "అగరొత్తుల వాసన మీద రబ్బరు వాసన గెలిస్తే మాత్రం తీసేయాలి" అన్నది షరతు. లేడి టైర్లు నాలుగూ నల్లటి సంచుల్లో కట్టి, ఎండ తగలకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చాను. బండికి ఎద్దులే ఉన్నాయి, గడ్డకట్టని వేళల్లో పాల కోసం వెళ్లిరావడానికి అవి చాలు, అదీ నెమ్మదిగా.

మిగిలిన లోతు కొలిచాను. ఎద్దులు సగానికి పైనే ఉన్నాయి, ఇంకో సీజను ట్రాకుకు ఢోకా లేదు. లేడ్లకు వసంతంలో రెండు పోటీలు, మహా అయితే మూడు. ఆ తరువాత కొత్తవే కొనాలి, ఈసారి చల్లటి మార్చిలోనే మొదలుపెట్టేలా. 225 వెడల్పు వేద్దామా అని ఒక పురుగు తొలుస్తోంది. 6 అంగుళాల రిమ్ము మీద అది ఉబ్బిన బూరెలా కూర్చుంటుంది, చేతికి బద్ధకంగా తగులుతుంది అంటున్నారు తోలినవాళ్లు. ఎవరిదైనా బండిలో ఒక పరుగు తోలి చూసేదాకా 205తోనే ఉంటాను.

నోటు పుస్తకంలో 5వ నంబరు వరుస ఆగస్టు నుంచి అసంపూర్తిగా ఉంది. ఈరోజు కూర్చుని నింపాను. తీసిన తేదీ: జూలై 19. తీసిన కారణం: బయటి అంచు దారం తేలింది, క్యాంబర్ తక్కువ, తోలినవాడి తొందర. ఫోటో తీసి నాన్నకు పంపాను. పది నిమిషాల్లో ఫోను చేశారు. కారణం గురించి ఏమీ అనలేదు. కిలోమీటర్ల గడి ఎందుకు ఖాళీగా ఉంచావని అడిగారు.